ఎవరినీ నవ్వులపాలు చేయని బడి
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇందాక విన్నాం. మేము బడి గురించి నాలుగు మాటలు చెబుతాం. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు ఛైర్‌పర్సన్, హెడ్మాస్టరు మెంబర్ కన్వీనర్. తాగునీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న చిన్న మరమ్మతుల కోసం బడి గడప తొక్కాం. తొక్కినాక పిల్లలు ఒకరినొకరు ఏమనుకుంటున్నారో కూడా మన చెవిన పడింది.

మన కూసుమంచి మండలంలో ఊరి పిల్లలు, తండా పిల్లలు ఒకే బడిలో కూర్చుంటారు. మిరప కోతల కాలం వస్తే భద్రాచలం అవతలి అడవి పల్లెల నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. వాళ్ల వెంట పిల్లలూ వస్తారు. కొందరు బడికి వస్తారు, కొందరు చేను గట్టు మీదే ఉండిపోతారు. వచ్చిన పిల్లలు కూడా వెక్కిరింతకు భయపడి మానేస్తే మన కమిటీ ఎందుకు?

మేము చూసిన సంగతి ఒకటి చెబుతాం. మూడో తరగతిలో ఒక కోయ పిల్లగాడు టీచరమ్మను 'ఏరు' కావాలని అడిగాడు. కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. క్లాసంతా పకపకా నవ్వింది. ఆ పూట నుంచి వాడి పేరే 'ఏరు' అయింది. మూడో రోజు వాడు బడికి రాలేదు.

టీచరమ్మ బెత్తం తీయలేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొచ్చేలా వేధించకూడదు. ఆమె నీతిపాఠం కూడా మొదలుపెట్టలేదు. మన సంఘం మీటింగులాగా అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టింది. ఎవరు నవ్వారని అడగలేదు. "మీ ఇంట్లో నీళ్లను ఏమంటారు?" అంది. "మేం పాణి అంటాం టీచర్" అంది తండా పాప. బోర్డు మీద నీళ్లు, పాణి, ఏరు అని మూడూ రాసింది. "మన పాలేరులో కూడా ఏరు ఉంది కదా" అన్నాడు వెనకాల పిల్లగాడు. "మున్నేరులో కూడా" అన్నారు ఇంకొకరు. అప్పుడు అడిగింది, "మీరు వాళ్ల ఊరు పోయి నీళ్లు అడిగితే అందరూ నవ్వారనుకోండి, ఎట్లా ఉంటది?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పాప మెల్లగా, "దాహమైనా మళ్లీ అడగను" అంది.

ఆ మాట తోటి పాప నోటి నుంచి వచ్చింది కాబట్టే మిగతావాళ్లకు తగిలింది. ఇప్పుడు ఏం చేద్దామంటే పిల్లలే చెప్పారు: అసలు పేరుతోనే పిలుద్దాం, అన్నం బంతిలో పక్కన కూర్చోబెట్టుకుందాం. సాయంత్రం ఇద్దరు పిల్లలు, మా సంఘం అక్క ఒకామె కలిసి చేను దగ్గరికి పోయి వాణ్ణి పిలిచారు. కోతలు అయిపోయేదాకా వాడు బడికి వచ్చాడు. తర్వాత అమ్మానాన్నల వెంట వెళ్లిపోయాడు.

ఇది చూశాక వారానికి అరగంట ఇట్లా పిల్లల్ని కూర్చోబెట్టమని టీచర్లను కోరాం. అందులో మాకు మూడు సంగతులు తెలిశాయి.

ఒకటి, తప్పు చేసినవాణ్ణి అందరి ముందు నిలబెట్టొద్దు. నిలబెడితే ఇంకా మొండికేస్తాడు. 'ఒక ఊళ్లో ఒక పిల్లగాడు' అని కథలాగా చెప్పాలి.

రెండు, దయ, కరుణ అనే పెద్ద మాటలు చిన్నపిల్లలకు అందవు. పక్కవాడికి పెన్సిల్ లేకపోతే ఏం చేస్తావు, ఆటలో ఎవరన్నా పడిపోతే ఏం చేస్తావు అని అడిగితే పోటీపడి చెబుతారు.

మూడు, మాట్లాడని పిల్లల్ని బలవంతపెట్టొద్దు. సంఘంలో చేరిన కొత్తలో మనం ఎన్ని మీటింగులు నోరు తెరవకుండా కూర్చున్నామో గుర్తు చేసుకోండి.

"అక్షరాలే సరిగా రావట్లేదు, ఈ ముచ్చట్లెందుకు?" అని కొందరు అక్కలు అడుగుతున్నారు. అడగాల్సిన మాటే. కానీ తప్పు చదివితే నవ్వుతారని భయపడే పిల్ల గట్టిగా చదవదు. గట్టిగా చదవకపోతే ఎక్కడ తప్పు పోతుందో టీచరుకు తెలియదు. కాబట్టి ఆ అరగంట చదువుకే పనికొస్తుంది.

ఇంకో మాట. నల్లోడు, కుంటిది, కూలోళ్ల పిల్ల, ఇట్లాంటివి పిల్లలు బళ్లో పుట్టించినవి కావు. ఇంట్లో, అరుగుల మీద పెద్దవాళ్ల నోట విని నేర్చినవి. అందుకే ప్రతి సంఘాన్ని రెండు పనులు కోరుతున్నాం. నెలకు ఒక మీటింగులో పది నిమిషాలు పిల్లల సంగతి ఎజెండాలో పెట్టి, మినిట్స్ బుక్కులో రాయండి. కోతల కాలంలో మీ ఊరికి వచ్చిన కూలీల పిల్లలు ఎంతమంది, వాళ్లలో బడికి వస్తున్నది ఎంతమంది, ఆ లెక్క గ్రామైక్య సంఘానికి ఇవ్వండి.

ఒక్క కిస్తీ తప్పితే మనం ఆ ఇంటికి పోయి అడుగుతాం. పిల్లలు మూడు రోజులు బడికి రాకపోయినా అట్లాగే పోయి అడుగుదాం.