పాడిరైతు పొలములో పాటల పండుగ

(సాంస్కృతిక సంఘ సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



సంగీతసభ అనగానే తెలుగువారి మనస్సున రెండు చిత్రములు మెదలును. ఒకటి నాలుగు గోడల నడుమ, వరుస కుర్చీలతో, ముద్రిత కార్యక్రమ పత్రముతో సాగు నగరసభ. రెండవది ఊరి దేవాలయము ముందర తాటాకు పందిరి క్రింద, పెట్రోమాక్సు దీపముల వెలుగున తెల్లవారువరకు సాగు హరికథయో, నాదస్వర కచేరియో. మొదటిదానిలో శ్రోత టిక్కెట్టు కొన్నవాడు. రెండవదానిలో శ్రోత ఊరికి వచ్చిన అతిథి. ఈ రెండవ తరగతికి చేరువైన ఉత్సవ మొకటి ఇంగ్లాండు దేశమున, సోమర్సెట్ ప్రాంతమున, పిల్టన్ అను గ్రామములో, 1970వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన ఒక పాడిరైతు పొలములో జరిగెను. దాని కథయే నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఆ కాలపు సంగీతమును గూర్చి రెండు మాటలు. రాక్ సంగీతము తొలుత యువజనులు నృత్యము చేయుటకు పుట్టినది. నిమిషమునకు 78 మారులు తిరుగు పాత గ్రామఫోను రికార్డు ఒక ప్రక్కన మూడు, మూడున్నర నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. యంత్రమునకు గల ఆ కొలతయే పాటకును కొలత అయ్యెను. మన విద్వాంసులకును ఈ చిక్కు తప్పలేదు. గంటసేపు విస్తరింపదగిన రాగమును మూడు నిమిషములలో కుదించి ఆ రికార్డులకు పాడవలసి వచ్చెను. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చిన పిదప ఒక ప్రక్కయే ఇరువది నిమిషములకు పైగా నడువసాగెను. 1960-70 దశకము చివర కొందరు ఆంగ్ల యువకులు ఈ విస్తీర్ణమును చక్కగా వినియోగించుకొనిరి. పల్లవి, చరణము, మరల పల్లవి అను చట్రమును విడిచిరి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము నుండియు, జాజ్ నుండియు, జానపద గీతముల నుండియు సామగ్రి తెచ్చి, అనేక భాగములు గల దీర్ఘరచనలను కూర్చిరి. దీనికే 'ప్రోగ్రెసివ్ రాక్' అని పేరు వచ్చెను. కింగ్ క్రిమ్సన్ బృందము 1969 అక్టోబరున వెలువరించిన తొలి రికార్డు ఈ మార్గమున ముఖ్యమైనది. పింక్ ఫ్లాయిడ్ వారి 'ఆటమ్ హార్ట్ మదర్' (1970), జెనెసిస్ వారి 'సప్పర్స్ రెడీ' (1972) ఒక్కొక్కటి ఇరువది నిమిషములు దాటిన రచనలు.

ఈ సంగీతము కర్ణాటక సంగీతాభిమానికి పూర్తిగా పరాయిది కాదు. సామాన్యమైన రాక్ పాట నాలుగు మాత్రల నడకతో తృప్తిపడును. ప్రోగ్రెసివ్ వారు అయిదు, ఏడు, తొమ్మిది లెక్కలలోనికి సాహసించిరి. పింక్ ఫ్లాయిడ్ వారు 1973లో వెలువరించిన 'మనీ' అను పాట అధికభాగము ఏడు మాత్రలలో నడచును. 'సప్పర్స్ రెడీ'లో ఒక భాగమునకు తొమ్మిది మాత్రల లెక్క పేరులోనే కలదు. మిశ్రచాపు ఎరిగిన తెలుగు శ్రోత ఆ ఏడింటిని తొడపై లెక్కించుకొనుచు సుఖముగా కూర్చుండగలడు. అట్టి శ్రోతకు భాష క్రొత్త కావచ్చును, వాద్యముల ధ్వని క్రొత్త కావచ్చును. ఓపికతో వినుట మాత్రము క్రొత్త కాదు.

ఇక పిల్టన్ కథ. 1970 జూన్ 27, 28 తేదీలలో సోమర్సెట్‌లోనే షెప్టన్ మాలెట్ మైదానమున ఒక మహోత్సవము జరిగెను. దాని పేరులోనే 'ప్రోగ్రెసివ్ సంగీతము' అను మాట యుండెను. లక్షకు పైగా జనము చేరిరి. లెడ్ జెప్పెలిన్, పింక్ ఫ్లాయిడ్ వంటి ప్రసిద్ధ బృందములు పాల్గొనెను. నడుమ వాన పట్టుకొనెను. ఆరుబయట వేదికపై విద్యుత్ వాద్యములకు వానకంటె శత్రువు లేదు. మూడీ బ్లూస్ వారు వాయింపకయే తిరిగిపోవలసి వచ్చెను. బర్డ్స్ బృందమువారు విద్యుత్ వాద్యములను ప్రక్కనబెట్టి మామూలు గిటారులతోనే పాడి సభను నిలిపిరి.

ఆ జనసమూహములో మైకేల్ ఈవిస్ అను రైతు ఒకడు. అతడు 1935లో జన్మించెను. తండ్రి మరణించుటచేత పందొమ్మిదవ యేట నౌకా ఉద్యోగము విడిచి, పిల్టన్‌లోని 'వర్తీ ఫార్మ్' అను తమ పొలము భారము వహించెను. నూటయాబది ఎకరముల నేల, అరువది ఆవులు అతని ఆస్తి. మెథడిస్టు క్రైస్తవ సంప్రదాయమున పెరిగినవాడు. రాక్ బృందములకును అతనికిని అంతవరకు సంబంధము లేదు. షెప్టన్ మాలెట్‌లో విన్న సంగీతము అతని మనస్సును పట్టుకొనెను. ఇట్టిది చిన్నపాటిగా తన పొలములోనే ఏల జరుపరాదని అతనికి తోచెను. మూడు మాసములు గడువక మునుపే జరిపి చూపెను.

ప్రవేశ రుసుము ఒక పౌను. దానితోబాటు పొలములోని పాలు ఉచితము. వచ్చినవారు సుమారు 1,500 మంది. ముందు రోజుననే, అనగా సెప్టెంబరు 18న, సుప్రసిద్ధ గిటారు విద్వాంసుడు జిమి హెండ్రిక్స్ లండనులో మరణించెను. ఆ విషాదము నడుమ ఉత్సవము మొదలయ్యెను. ముఖ్య బృందముగా రావలసిన కింక్స్ వారు రాలేదు. వారి స్థానమున మార్క్ బోలన్ తన బృందముతో వచ్చెను. స్టాక్‌రిడ్జ్, ఆల్ స్టీవర్ట్, కీత్ క్రిస్మస్ మొదలగువారు పాల్గొనిరి. ఖర్చు రాబడిని మించెను. బోలన్ బృందమునకు ఇయ్యవలసిన 500 పౌనులను ఒక్కసారిగా చెల్లించుటకు రైతువద్ద ధనము లేకపోయెను. నెలనెల పాలు అమ్మగా వచ్చిన సొమ్మునుండి వాయిదాలపై ఆ ఋణమును తీర్చెను.

ఈ చిన్న విషయమును కొంచెము నిలిచి యోచింపవలెను. ఉత్సవము నడిపినవాడు ధనికుడు కాడు, సంస్థ కాదు, ప్రభుత్వము కాదు. ప్రొద్దున్నే లేచి పాలు పితుకవలసిన గృహస్థు. నష్టము వచ్చినపుడు అది అతని ఇంటి ఖర్చు మీదనే పడును. 'జనము తక్కువగా వచ్చిరి గదా, కొంత తగ్గించి పుచ్చుకొనుడు' అని కళాకారులను అడుగుట సులభము. అతడు ఒప్పుకొన్న సొమ్మును పూర్తిగా చెల్లించెను. వచ్చిన అతిథులకు పాలు పోసెను. పల్లెటూరి గృహస్థధర్మమనగా ఏమో తెలుగు శ్రోతలకు వివరింపనక్కరలేదు.

మరుసటి సంవత్సరము, 1971 జూన్‌లో, ఆండ్రూ కెర్, విన్‌స్టన్ చర్చిల్ మనుమరాలగు ఆరబెల్లా చర్చిల్ కలిసి అదే పొలములో ఉత్సవమును ప్రవేశ రుసుము లేకుండ నిర్వహించిరి. సంగీతోత్సవములు వ్యాపారములైపోవుచున్నవని వారి బాధ. ఖర్చును ఆ ఆశయము నచ్చిన కొలదిమంది భరించిరి. సుమారు 12,000 మంది వచ్చిరి. ఇనుప గొట్టములు, లోహపు జాలి, ప్లాస్టిక్ పట్టాలతో పిరమిడ్ ఆకారమున ఒక వేదిక లేపిరి. డేవిడ్ బౌవీ వేకువజామున పాడెను. హాక్‌విండ్, ట్రాఫిక్ బృందములు వచ్చెను. వారిలో క్వింటెసెన్స్ అను బృందము భారతీయులకు విశేషమైనది. లండనులో నివసించు ఈ బృందమువారు ఒక హిందూ గురువును ఆశ్రయించి, సంస్కృత నామములను, భజన రీతులను తమ సంగీతమున చేర్చుకొనిరి. వేణువు వాయించు ఆస్ట్రేలియా దేశీయుడు రాజారామ్ అని పిలువబడెను. ఆంగ్లగ్రామ క్షేత్రములో భజన ధ్వని వినబడుట ఆ కాలపు విశేషము.

తరువాత ఏడేండ్లు ఆ పొలములో ఉత్సవము లేదు. 1978లో స్టోన్‌హెంజ్ నుండి వచ్చిన సంచారులు కొందరు కూడి చిన్న సమావేశము జరిపిరి. 1979లో, ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ బాలల సంవత్సరమును పురస్కరించుకొని, మరల పెద్ద ఉత్సవము జరిగెను. జెనెసిస్ బృందమునుండి అంతకు ముందే విడివడిన పీటర్ గేబ్రియల్, గిటారు విద్వాంసుడు స్టీవ్ హిల్లేజ్ పాల్గొనిరి. సంగీతము శ్లాఘనీయము. లెక్కలు మాత్రము పెద్ద నష్టమునే చూపెను.

అయినను ఈవిస్ విరమింపలేదు. 1981లో స్థిరమైన పిరమిడ్ వేదికను నిర్మించెను. వేసవిలో అది వేదికగా నుండెడిది. శీతకాలమున పశువులకు కొట్టముగను, మేతకు గిడ్డంగిగను ఉపయోగపడెడిది. ఆ సంవత్సరము మిగిలిన సొమ్ము అణ్వస్త్ర నిరాయుధీకరణ ఉద్యమమునకు పోయెను. 1983 నుండి స్థానికాధికారుల లైసెన్సు తప్పనిసరి కాగా, మొదటి లైసెన్సున జనసంఖ్య 30,000 మించరాదని నిబంధన విధించిరి. దస్త్రములతో నిత్యపరిచయము గల ఈ సభవారు ఆ రైతు కష్టమును ఇట్టే గ్రహింపగలరు. పాటకు తాళము ఎంత అవసరమో, జనసమ్మర్దమునకు మంచినీరు, మరుగుదొడ్లు, దారి, వైద్యసహాయము అంత అవసరము.

ఆనాడు 1,500 మందితో మొదలైన ఆ ఉత్సవము పిమ్మట గ్లాస్టన్‌బరీ పేర లోకప్రసిద్ధమై, రెండు లక్షలకు పైగా జనము చేరు మహోత్సవముగా ఎదిగెను. 2024లో ఈవిస్‌కు 'సర్' బిరుదు ప్రదానము చేయబడెను. అయినను ఆ పెరుగుదలలో ఒక నష్టము కలదు. రెండు లక్షల జనములో, అనేక వేదికల నడుమ, శ్రోత ఒక వేదిక నుండి మరొక వేదికకు నడుచుచుండును. ఇరువది నిమిషముల రచనను ఒక్కచోట కూర్చుండి తుదివరకు వినుటకు చిన్న సభయే అనుకూలము. అచ్చట వాద్యకారునికి శ్రోతల ముఖములు కనబడును. వాన వచ్చినను వారు లేచిపోలేదని అతనికి తెలియును. ఆ తెలివిడి చేతనే అతని చేయి ఇంకొంత ముందునకు సాగును.

అట్టి చిన్న ఉత్సవములు మన దేశమునను లేకపోలేదు. అరుణాచల ప్రదేశ్‌లోని జీరో లోయలో 2012 నుండి సెప్టెంబరు మాసమున ఆరుబయట సంగీతోత్సవము నడుపబడుచు వచ్చినది. వరితోబాటు చేపలను పెంచు ఆపతానీ ప్రజల పొలముల ప్రక్కన, స్థానికులు వెదురుతో కట్టిన వేదికలపై, ఈశాన్య ప్రాంతపు బృందములు, దేశపు ఇతర భాగముల బృందములు వాయించును.

తెలుగు కృతులను నిత్యము వినువారికి ఇంకను దగ్గరి ఉదాహరణ కలదు. తిరువయ్యారున కావేరీ తీరమున త్యాగరాజస్వామి సమాధి శిథిలమై యుండగా, బెంగుళూరు నాగరత్నమ్మ తన స్వార్జితమును వెచ్చించి 1925 నాటికి అచ్చట ఆలయమును నిర్మింపజేసెను. ఆమెకు ఎవరును ఆ పని అప్పగింపలేదు. లాభము అను మాటకే అచ్చట తావులేదు. సోమర్సెట్ రైతు ఆమె పేరు విని యుండడు. ఆమె సంగీతమును అతడెరుగడు. తాము ప్రేమించిన సంగీతమునకు ఒక చోటు కల్పించుటకు తమ సొంత సొమ్మును ఒడ్డిన విషయమున ఇరువురును ఒక్క కులమువారే.

రాజధానిలో ఉద్యోగములు చేసికొనుచు, చందాలు ప్రోగుచేసి, సెలవు దినములలో ఉత్సవములు జరుపుకొను తెలుగు సంఘములకు ఈ కథలో తెలిసికొనవలసినది కలదు. ఉగాదికి జనము తక్కువగా వచ్చిరని కార్యదర్శులు నిరుత్సాహపడరాదు. పిల్టన్‌కు వచ్చినవారు పదిహేను వందలే. ఒప్పుకొన్న పారితోషికమును విద్వాంసునికి పూర్తిగా ఇచ్చుట, వచ్చినవారికి గ్లాసెడు మంచినీరో మజ్జిగయో అందించుట నిర్వాహకుల వంతు. రాగము ముగియక మునుపే లేచి బస్సు కొరకు పరుగెత్తకుండ కూర్చుండుట శ్రోతల వంతు. ఈ రెండును నెరవేరిన సాయంకాలము, వేదిక పచ్చికబయలైనను, పశువుల కొట్టమైనను, సభకు కొరత యుండదు.