నూనెపల్లె – పట్నంలో కలిసిన మన పాత ఊరు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘంవారు నన్ను మన ఊరి చరిత్ర చెప్పమన్నారు. చరిత్ర అనగానే మనవాళ్లకు నవాబులు గుర్తొస్తారు. పక్కనే బనగానపల్లెలో 1948 దాకా నవాబుల సంస్థానం ఉండేది, నిజమే. నంద్యాలకూ పెద్ద పేర్లున్నాయి. కళాపూర్ణోదయం రాసిన పింగళి సూరన, దాన్ని నంద్యాల కృష్ణమరాజుకే అంకితమిచ్చాడు. అయితే నేను చెప్పబోయేది రాజుల సంగతి కాదు, నూనెపల్లె సంగతి.

జనాభా లెక్కలవాళ్లు పట్నం అంచున పెరిగిన ఇలాంటి ఊళ్లను "అవుట్‌గ్రోత్" అంటారు. అంటే పట్నం నుంచి బయటికి పొడుచుకొచ్చిన కొమ్మ అని. ఈ మాట నాకు సరిపడదు. మన పల్లె పట్నంలోంచి పుట్టలేదు, పట్నమే పెరిగి పెరిగి మన పల్లె మీదికి వచ్చింది.

ఎట్లా వచ్చింది? మొదట నీళ్లు వచ్చాయి. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు–కడప కాలువ తవ్వించింది. జొన్న, పత్తి పండే రేగడిలోకి వరి వచ్చింది. ఆ శతాబ్దం చివర్లోనే రైలు వచ్చింది. 1899లో నంద్యాలకు మునిసిపాలిటీ, 1906లో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం వచ్చాయి. పంట పండేచోట మిల్లు, మిల్లున్నచోట కూలి, కూలి దొరికేచోట గుడిసె. ఆళ్లగడ్డ, శిరివెళ్ల, కోవెలకుంట్ల వైపు నుంచి పిల్లల చదువులకనీ, ఆసుపత్రులకనీ జనం వస్తూనే ఉన్నారు. 2016లో ఎర్రగుంట్ల రైలు మార్గం మొదలైంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయింది. ఆ తర్వాత జాగాల ధర సంగతి నేను చెప్పాల్సిన పని లేదు!

ఈ ఊరిని ఎత్తినది ఎవరు? మూట మోసినవాళ్లు, పత్తి ఏకిన దూదేకులవాళ్లు, జట్కా తోలినవాళ్లు, ఇంట్లో కూర్చుని కుట్టుపని చేసిన మన తల్లులు. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు. పీర్ల పండుగకు గుండం తవ్వేదీ, మొక్కు తీర్చుకునేదీ మనమొక్కరమే కాదు, హిందూ సోదరులు కూడా. సీమ పల్లెల గుణం అది. పట్నంలో కలిసినా ఆ గుణం పోకూడదు.

మా వీధిలో ముసలమ్మలు సంచి పట్టుకుని బయల్దేరుతూ ఇప్పటికీ "నంద్యాలకు పోయొస్తా" అంటారు. బడిలో పిల్లల్ని అడిగితే మాత్రం "మాది నంద్యాలే సార్" అంటారు. ఇద్దరి మాటా నిజమే. కానీ ఆ ముసలమ్మల తరం దాటితే, ఏ బావి ఎక్కడుండేదో, ఏ వంక ఎటు పారేదో, ఖబరస్తాన్ హద్దు ఏ చెట్టు దాకా ఉండేదో చెప్పేవాళ్లుండరు. వంక మరిచిపోయినచోట ఇల్లు కడితే వానకాలం నీళ్లు ఇంట్లోకే వస్తాయి. హద్దు మరిచిపోయిన జాగా ప్లాటవుతుంది. కాగితం లేని జాగాకు కోర్టులో నోరుండదు.

అందుకని సంఘానికి నాదొక మనవి. ఈ సెలవుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఇద్దరిద్దరిగా పెద్దల దగ్గరికి పంపుదాం. వీధుల పాత పేర్లు, బావులు, వంకలు, పీర్ల చావిడి, మసీదు, ఖబరస్తాన్ హద్దులు, దొరికితే సర్వే నంబర్లు, అన్నీ ఒక నోటుపుస్తకంలో ఉర్దూలోనూ తెలుగులోనూ రాయిద్దాం. ఒక ప్రతి సంఘం బీరువాలో, ఒకటి బడిలో ఉంచుదాం. ఖర్చు ఒక పుస్తకం, రెండు పెన్నులు. పిల్లల తప్పులు దిద్దే పని నాకు అప్పజెప్పండి.

పట్నం రాకను మనం ఆపలేం, ఆపనక్కరా లేదు. దానివల్ల మన పిల్లలకు కాలేజీ దగ్గరయింది. ఊరు పట్నంలో కలవడం తప్పు కాదు, కలిసిన ఊరు పేరు లేకుండా పోవడమే తప్పు.