మూడున్నర రూపాయల వడ్డీ



వరంగల్‌లో స్నాతకోత్సవం కదా, కాకతీయుల గురించో కాళోజీ గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను క్రెడిట్ కార్డు గురించి చెబుతాను. మొదటి జీతం పడగానే మీకొచ్చే ఫోను దాని గురించే.

మీలో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చే రైతుల బిడ్డలున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీ ఎంత బరువో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. మూడు దాటిందంటే మీ నాన్న అప్పు వద్దని లేచి వచ్చేస్తాడు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నరకు అటూఇటూ. ఏడాదికి 42 శాతం. గడువులోగా బిల్లు మొత్తం కడితే పైసా వడ్డీ ఉండదు. 50,000 బిల్లుకు కనీస మొత్తమని 2,500 కట్టి ఊరుకున్నారో, మిగిలిన 47,500 మీద నెలకు సుమారు 1,660 వడ్డీ, దాని మీద జీఎస్టీ వేరే. ఆ బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికీ కొన్ననాటి నుంచే వడ్డీ. అందుకే, నెలనెలా పూర్తిగా కట్టలేని మనిషికి సరిపడే కార్డు అసలు లేదు.

కట్టగలిగినవాళ్లు ముందు మూడు నెలల యూపీఐ చిట్టా తీసి చూడండి. పండక్కి కాజీపేటలో రైలు దిగేవాడికి ఎయిర్‌పోర్టు లాంజ్ ఇచ్చే కార్డు దేనికి? కిరాణా కొట్లో, టిఫిన్ సెంటర్లో స్కాన్ చేసే ఖర్చే ఎక్కువైతే రూపే క్రెడిట్ కార్డు చూడండి, 2022 నుంచి దాన్ని యూపీఐకి జోడించుకోవచ్చు. ఏడాది ఫీజు వెయ్యి, తిరిగొచ్చేది ఆరువందలు అయితే బ్యాంకు ఇచ్చేది బహుమతి కాదు, మీరిచ్చేది చందా.

మన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, కార్డులమ్మే ఫోన్లు మాత్రం ఆగలేదు.

అడగనిదే కార్డు పంపకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బాకీ లేని కార్డును మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకే చెల్లించాలి. మొహమాటపడకుండా అడిగి తీసుకోండి.