సముద్రానికి ఇనుప ఎరువు: ముందు ఓడ, వెనుక చట్టం

విద్యార్థులారా! నేలలో ఒక్క పోషకం తక్కువైనా పైరు ఎదగదని మీకు తెలుసు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలోనూ ఇలాంటి లోటే ఉంది. అక్కడి నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పుష్కలం. ఇనుము మాత్రం చాలా తక్కువ. ఇనుప లవణం కలిపితే వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే అతి చిన్న మొక్కలు, వేగంగా పెరుగుతాయి. కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ డయాక్సైడును గ్రహిస్తాయి. అవి చనిపోయి సముద్రం లోతుకు చేరితే కార్బన్ కూడా అక్కడికి చేరుతుంది. భూతాపాన్ని ఈ విధంగా తగ్గించవచ్చునని కొందరి ఆశ.

మరి దీనికి అనుమతి ఇచ్చేదెవరు? నడిసముద్రం ఏ ఒక్క దేశానిదీ కాదు. పైగా ఈ పద్ధతితో కార్బన్ క్రెడిట్లు అమ్ముకోవాలని కొన్ని కంపెనీలు ముందుకు వచ్చాయి. అందుకే 2008 మే నెలలో బాన్ నగరంలో జీవవైవిధ్య ఒడంబడిక సభ్యదేశాలు, తీరజలాల్లో చిన్న పరిశోధనలు తప్ప ఇలాంటి పనులు సాగనివ్వరాదని నిర్ణయించాయి. సముద్రంలో వ్యర్థాలు పారవేయడాన్ని నియంత్రించే లండన్ ఒప్పందాల సభ్యదేశాలు అదే ఏడాది అక్టోబరులో, నిజమైన శాస్త్ర పరిశోధనకు మాత్రమే వీలుండాలని తీర్మానించాయి.

2009 జనవరిలో ఈ మాటలకు పరీక్ష వచ్చింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి ‘లోహాఫెక్స్’ ప్రయోగం తలపెట్టాయి. ‘లోహా’ అంటే హిందీలో ఇనుము. పోలార్‌స్టెర్న్ ఓడ కేప్‌టౌన్ నుంచి బయలుదేరాక అభ్యంతరాలు వెల్లువెత్తాయి. 300 చదరపు కిలోమీటర్లు చిన్న ప్రయోగమా? నడిసముద్రం తీరజలమా? జర్మనీ ప్రభుత్వం ప్రయోగాన్ని ఆపి, నిపుణుల చేత ప్రభావాన్ని మదింపు చేయించి, ఆ నెలాఖరులో అనుమతించింది.

ఫలితం ఏమిటి? ప్లవకాలు పెరిగాయి గాని, వాటిని జంతు ప్లవకాలు మేసేశాయి. గట్టి పెంకు గల డయాటమ్‌లు పెరగడానికి ఆ నీటిలో తగినంత సిలికా లేదు. లోతుకు దిగిన కార్బన్ స్వల్పమే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రయోగాన్ని పూర్తిగా నిషేధించి ఉంటే ఈ సంగతి మనకు తెలిసేది కాదు. ఏ అదుపూ లేకుండా వదిలేసి ఉంటే, అక్కడ దిగని కార్బన్‌కు కూడా ఎవరో ధర కట్టి అమ్మేవారు. కాబట్టి మంచి నియంత్రణ అంటే తలుపు మూయడం కాదు, తెరిచి వదిలేయడమూ కాదు. ఓడ కదలకముందే ప్రమాదాన్ని అంచనా వేయాలి. లాభాపేక్ష లేనివారు పరిశీలించాలి. ఫలితాన్ని అందరికీ వెల్లడించాలి.

2010లో లండన్ ఒప్పందాల దేశాలు ఇలాంటి మదింపు పద్ధతిని రూపొందించాయి. అయినా 2012లో కెనడా పడమటి తీరానికి ఆవల ఒక సంస్థ సుమారు 100 టన్నుల ఇనుప పదార్థాన్ని సముద్రంలో కలిపింది. దీనిపై విచారణ జరిగింది. మరుసటి ఏడాది, 2013లో, దేశాలు ఒప్పందానికి కట్టుబడి తీరవలసిన సవరణ చేశాయి. కానీ సభ్యదేశాల్లో మూడింట రెండు వంతులు ఆమోదిస్తేనే అది అమలవుతుంది. ఆ సంఖ్య ఇంకా పూర్తి కాలేదు.

‘చిన్న’, ‘తీరజలం’, ‘నిజమైన పరిశోధన’. ఈ మూడు మాటలకు మీరైతే ఏ నిర్వచనం ఇస్తారు? తరగతిలో చర్చించండి. రేపు ఇలాంటి నియమాలు రాయవలసినది మీ తరమే.