వెనుకకు మరలించిన ఆటయంత్రము
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి యేటను ఈ సభలో హాజరును గూర్చియు, మార్కులను గూర్చియు చెప్పువాడను. నేడు ఒక ఆటయంత్రమును గూర్చి చెప్పదలచితిని. నవ్వవలదు. మన బడి పిల్లవాడొకడు దాని మూలమున వారము దినములు అన్నము సరిగా తినలేదు.

వాడు తొమ్మిదవ తరగతివాడు. పేరు చెప్పను, వాని తండ్రిగారి యనుమతితోనే ఈ సంగతి చెప్పుచున్నాను. వాని మేనమామ బెంగుళూరులో పాత సామానుల అంగడిలో సోనీవారి పీఎస్‌పీ యను చేతి ఆటయంత్రమును కొని బహుమానముగా నిచ్చెను. పండుగ సెలవులలో అది వాని చేతిలోనే ఆగిపోయెను. మీట జరిపినచో పచ్చదీపము వెలిగి ఆరును. తెర మాత్రము నల్లగానే యుండును. ఇంటిలో తెలిసినచో దెబ్బలు తప్పవని వాడు దానిని బియ్యపు డబ్బాలో దాచెను. బియ్యము కొలుచుచుండగా వాని తల్లిగారి చేతికి తగిలెను.

ఆ యంత్రమునకు వచ్చిన జబ్బు ఎట్టిదో చెప్పెదను. ఇందులో చాలవరకు ఆ బాలునివద్దనే నేర్చుకొంటిని.

2004 డిసెంబరులో జపానులో మొదట అమ్మకమునకు వచ్చిన ఈ యంత్రములో ఫర్మ్‌వేర్ అను మూలప్రోగ్రాము కలదు. యంత్రమును మేలుకొలిపి, ఏది చేయవలెనో ఏది చేయరాదో శాసించునది అదియే. కంపెనీవారు దానికి క్రొత్త వెర్షన్లు విడుదల చేయుచు వచ్చిరి. ప్రతి వెర్షనును కొన్ని సౌకర్యములు తెచ్చును, కొన్ని తలుపులు మూయును. 2005లో వచ్చిన 2.00 వెర్షను ఇంటర్నెట్టు పుటలు చూచు సౌకర్యము నిచ్చెను. అయితే మొట్టమొదటి 1.00లో ఎవరు వ్రాసిన ప్రోగ్రామైనను నడచుచుండగా, 2.00 నాటికి కంపెనీవారి ముద్ర లేనిది నడువదాయెను. అందుచేత స్వంతముగా ప్రోగ్రాములు వ్రాయువారు పాత వెర్షనునకు మరలు దారి వెదకిరి. దొంగ ప్రతుల ఆటలకై వెదకినవారును తక్కువమంది కారు. ఆ మాట దాచనక్కరలేదు.

క్రొత్తది యున్నచోట పాతదానిని ఎక్కించుటకు యంత్రము సమ్మతింపదు. సంఖ్యలను పోల్చి చిన్నదానిని త్రోసివేయును. 2005 సెప్టెంబరులో, 2.00 వెర్షను టిఫ్ అను రకపు బొమ్మను చూపు పద్ధతిలో ఒక లోపమును కొందరు కనిపెట్టిరి. ఆ సందున చొరబడిన చిన్న ప్రోగ్రాము యంత్రమునకు తన వెర్షను పాతదే యను భ్రమ కల్పించెను. పిమ్మట కంపెనీవారి 1.50 ఫర్మ్‌వేరే వచ్చి కూర్చుండెను. తలుపు పగులగొట్టలేదు, కావలివానికి తప్పుడు చీటి చూపిరన్నమాట.

ఇందలి అపాయము వేరొకచోట నున్నది. పాతదానిని చెరిపి మరల వ్రాయు ఆ కొలది నిమిషములలో విద్యుత్తు ఆగినచో యంత్రము మేలుకొను తెలివినే కోల్పోవును. అట్టిదానిని ఇటుక యందురు. 2005 అక్టోబరులోనే, వెనుకకు మరలించు సాధనమను పేరుతో ముఖ్యమైన ఫైళ్ళను తుడిచివేయు మోసపు ప్రోగ్రామొకటి బయలుదేరి, నమ్మినవారి యంత్రములను ఇటుకలు చేసెను. పైకి ఒకే తీరున నుండి లోపలి బోర్డు మారిన యంత్రములు కొన్ని 1.50 వెర్షనును భరింపలేక చచ్చెను.

మన బాలుని యంత్రములో 2015లో వచ్చిన కడపటి వెర్షను 6.61 ఉండెను. ఆంగ్లములోని యొక వీడియోను సగము అర్థము చేసికొని వాడు వెనుకకు మరలింప బూనెను. బ్యాటరీ పాతది, నిండినట్లు చూపును, నిలువదు. సరిగా నడుమ కరెంటు పోయెను.

ఇక నా తప్పు చెప్పవలెను. నేను మొదట వానిని పిలిచి, "దొంగ ఆటలకేనా యీ పాట్లు?" అని గద్దించితిని. వాడు మాటలాడక ఒక నోటుపుస్తకము తెచ్చి బల్లపై నుంచెను. చెల్లెలిచేత ఎక్కములు చెప్పించుటకు వాడు వ్రాసికొన్న ప్రోగ్రాము అందులో పదునొకండు పుటలు కలదు. "ఇది అందులో నడవవలెనని, అయ్యవారూ" అనెను. నేను కొంతసేపు ఆ పుటలనే త్రిప్పుచు కూర్చుంటిని.

మరునాడు వానితో కలిసి ఆంగ్ల పుటలు చదివితిని. మూడవ పేరాలోనే యుండెను: 6.61 వెర్షనులోనే స్వంత ప్రోగ్రాములు నడుపు మార్గము కలదు. అది ఫర్మ్‌వేరును ముట్టదు. మెమొరీ స్టిక్కునుండి తాత్కాలికముగా ఎక్కి, యంత్రమును పూర్తిగా ఆర్పినంతనే తొలగిపోవును. వాడు వెనుకకు పోనక్కరయే లేదు. ఆ పేరా చదివి చెప్పుమని యడుగుటకు వానికి ఇంటిలోను బడిలోను ఒక్కరును కనబడలేదు. ఆ బడికి పెద్దను నేను.

యంత్రము పూర్తిగా పోలేదు. 2007లో ఒక ఉపాయము బయటపడెను. బ్యాటరీలోని సంఖ్యను మార్చినచో, మొదటి రకపు యంత్రములు లోపలి ఫర్మ్‌వేరును విడిచి మెమొరీ స్టిక్కునుండి మేలుకొనును. అక్కడినుండి ఫర్మ్‌వేరును మరల వ్రాయవచ్చును. మనవానిది మొదటి రకమే. అట్టి బ్యాటరీకి సొమ్ము నేనిచ్చెదనంటిని. తండ్రిగారు ఒప్పుకొనక తామే తెప్పించిరి.

యంత్రము ఇప్పుడు నా బల్ల సొరుగులో నున్నది. వచ్చు శనివారము బడి విడిచిన పిమ్మట తండ్రీ కొడుకులు వచ్చెదరు. చూడగోరు తల్లిదండ్రులు రావచ్చును; చార్జరు తీగను మాత్రము ఎవరును కదల్పవలదు.