రక్తము చెప్పు సాక్ష్యము

1930లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనువారు న్యుమోనియా రోగుల రక్తమునందొక విశేషమును కనిపెట్టిరి. దానినే నేఁడు సీ-రియాక్టివ్ ప్రోటీనందురు. దేహమున శోథ పుట్టఁగానే కాలేయము దీనిని విస్తారముగా స్రవించును. రోగము శమింపఁగా నిదియుఁ దగ్గును.

చిత్రమేమనఁగా, జ్వర మెఱుఁగని వారియందును ఇది కొంచెము హెచ్చి నిలిచియుండుట కలదు. లీటరునకు 3 మిల్లీగ్రాములు మించినచో హృద్రోగభయ మధికమని అమెరికా వైద్యసంస్థలు 2003లో నిర్ణయించినవి. పొట్టక్రొవ్వు, పొగత్రాగుట, చిగుళ్లవ్యాధి దీనిని పెంచును. బరువు తగ్గిన నిదియుఁ దగ్గును. పడిసెము పట్టిన వారమునఁ జేయించిన పరీక్షను మాత్రము నమ్మరాదు.

విందు ముగియఁగానే సిగరెట్ల పళ్లెము త్రిప్పుట మర్యాదయని మనమెంచితిమి. మేమును ద్రిప్పినవారమే. ఈ సంవత్సరము ఆ పళ్లెము వలదని వంటశాల పెద్దలతోఁ జెప్పియున్నాము. పోషకులు కోపింపకుందురుగాక.