పావలా బిళ్ళ మీది అమ్మాయి



సినిమాల మీద ఏదైనా మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సావిత్రి గారి గురించో, భానుమతి గారి గురించో చెబుతానని వచ్చినవాళ్ళు నన్ను మన్నించాలి. వాళ్ళ గురించి చెప్పడానికి నాకంటే అర్హులు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని, సినిమా పండితుణ్ణి కాను. నేను చెప్పబోయేది మీలో కొందరి జేబులోనో, కారులో చిల్లర వేసుకునే గూట్లోనో ఈపాటికే ఉన్న ఒక మనిషి గురించి.

2022లో అమెరికా టంకశాల ఒక పావలా బిళ్ళ విడుదల చేసింది. మనం క్వార్టర్ అంటాం గానీ లెక్కప్రకారం పావలాయే కదా! ఒకవైపు వాషింగ్టన్, రెండోవైపు చేతిమీద తల ఆనించుకున్న ఒక చైనా ముఖం అమ్మాయి, చుట్టూ సినిమా హాలు బల్బులు. మా అమ్మాయి అది చూపించి "ఎవరు నాన్నా ఈవిడ?" అంటే నేను చెప్పలేకపోయాను. ఈ దేశంలో ఇన్నేళ్ళుండి, రోజూ చేతులు మారే బిళ్ళ మీద మనిషెవరో తెలియకపోవడం సిగ్గనిపించింది. అప్పుడు మొదలుపెట్టి చదివాను.

ఆవిడ పేరు ఆనా మే వాంగ్. ఇంట్లో పెట్టిన పేరు లియు సాంగ్, ఇంటిపేరు వాంగ్. 1905 జనవరి 3న లాస్ ఏంజిలెస్‌లో పుట్టింది. తండ్రి వాంగ్ శామ్ సింగ్‌కి బట్టలుతికే లాండ్రీ ఉండేది. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ తండ్రి కూడా కాలిఫోర్నియాలోనే పుట్టినవాడు. అంటే ఈ అమ్మాయి ఇక్కడ మూడోతరం. మనవాళ్ళలో మూడోతరం పిల్లలు ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తున్నారు. ఆమె 1905లోనే మూడోతరం. అయినా బళ్ళో పిల్లలు జుట్టు లాగి ఏడిపిస్తుంటే తట్టుకోలేక, తల్లిదండ్రులు ఆమెను చైనా పిల్లల కోసం చర్చివాళ్ళు నడిపే బడికి మార్చారు.

మధ్యాహ్నం భోజనానికిచ్చిన డబ్బులు దాచి, బడి ఎగ్గొట్టి సినిమాలు చూసేదట. షూటింగులు వీధుల్లోనే జరిగేవి. వదలకుండా వెంటపడి చూస్తూ నిలబడే ఈ పిల్లకి సినిమావాళ్ళు ఒక ముద్దుపేరు కూడా పెట్టారు. పదకొండేళ్ళు నిండే నాటికే తనకి తెరపేరు తనే తయారుచేసుకుంది. 1919లో 'ద రెడ్ లాంటర్న్' సినిమాలో వందలమంది గుంపులో లాంతరు పట్టుకుని నడిచింది. తండ్రికి ఇది బొత్తిగా ఇష్టం లేదు. ఆడపిల్ల వేషాలు వెయ్యడమేమిటని ఆయన బాధ. 1921లో హైస్కూలు మానేసింది కూడా.

నా సంగతి చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. మా అమ్మాయి స్కూల్లో నాటకాలు వేస్తుంది. కాలేజీలో అదే చదువుతానంటోంది. ఆర్నెల్లుగా మా ఇంట్లో భోజనాల దగ్గర ఇదే వ్యవహారం. కాబట్టి ఈ కథ చదువుతున్నంతసేపూ నేను లాండ్రీ ఆయన పక్షానే ఉన్నాను.

పదిహేడేళ్ళకి, 1922లో, 'ద టోల్ ఆఫ్ ద సీ'లో ఆమె నాయిక. టెక్నికలర్ తొలిరోజుల రంగుల చిత్రం అది. 1924లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ 'ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో మంగోలు దాసి పాత్ర వేసి ప్రపంచానికి తెలిసింది. ఆ తర్వాత వచ్చినవన్నీ దాసీలు, మోసగత్తెలు, విలన్ కూతుళ్ళు. తెల్ల కథానాయకుణ్ణి ప్రేమించడం, చివరి రీలులో చచ్చిపోవడం. తెరమీద జాతులు కలవకూడదని నిబంధన. తెర బయటా అంతే, కాలిఫోర్నియాలో తెల్లవాళ్ళకీ చైనావాళ్ళకీ పెళ్ళి 1948 దాకా చెల్లేది కాదు. నాయకుడు తెల్లవాడైతే ఈమె నాయిక కావడానికి వీల్లేదు. నాయకులంతా తెల్లవాళ్ళే. ఇక్కడ మన ఇంజనీర్లకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఎటునుంచి వెళ్ళినా ముగింపు ఒకటే అయ్యేలా రాసిపెట్టిన ప్రోగ్రాము అది.

విసిగిపోయి 1928లో యూరప్ వెళ్ళిపోయింది. జర్మనీలో, ఇంగ్లండులో బ్రహ్మరథం పట్టారు. 1929లో లండన్‌లో 'పికడిల్లీ' సినిమా. అదే ఏడు లారెన్స్ ఒలీవియర్‌తో రంగస్థలం మీద నాటకం. అక్కడ పత్రికలవాళ్ళు ఆమెలో పట్టిన తప్పేమిటో తెలుసా? అమెరికన్ యాస! ముఖం చూసి చైనా మనిషన్నారు, నోరు విప్పితే అమెరికా మనిషన్నారు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. మాస్టారిని పెట్టుకుని ఉచ్చారణ దిద్దుకుంది. జర్మన్, ఫ్రెంచ్ నేర్చుకుంది. తన తొలి టాకీని ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచ్ మూడింటిలోనూ చేసింది. ఒక్క భాషలో డైలాగులు చెప్పడానికే అవస్థపడే తారల్ని చూసినవాళ్ళం, ఆ శ్రమ ఏమిటో ఊహించుకోవచ్చు.

ఇంకొక సంగతి. ఆమె పుట్టుకతో అమెరికా పౌరురాలు. అయినా దేశం దాటి వెళ్ళాలంటే, తిరిగి రానివ్వడం కోసం ముందే ఒక దరఖాస్తు పెట్టుకోవాల్సివచ్చేది. ఆ ఫారం మీద శీర్షికలోనే 'అమెరికా పౌరుడినని చెప్పుకుంటున్న చైనా జాతీయుడు' అనే అర్థం వచ్చే మాటలుండేవి. 1882లో వచ్చిన చైనీయుల నిషేధ చట్టం 1943 దాకా నడిచింది. మనవాళ్ళ పరిస్థితీ గొప్పగా లేదు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీం కోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది 1923లో. ఆ రోజుల్లోనే మన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. ఆ తలుపు తెరుచుకున్నది 1946లో. గ్రీన్ కార్డు క్యూలో తలనెరిసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు కాబట్టి ఎక్కువ చెప్పను.

1932లో 'షాంఘై ఎక్స్‌ప్రెస్'లో మార్లీన్ డీట్రిచ్ పక్కన నటించింది. ఆ సినిమా మీరు తప్పక చూడాలి. తక్కువ మాట్లాడుతుంది, కదలదు, అయినా కళ్ళు ఆమె మీదే ఉంటాయి.

ఇక అసలు దెబ్బ. పెర్ల్ బక్ నవల 'ద గుడ్ ఎర్త్'ని ఎంజీఎం వాళ్ళు సినిమాగా తలపెట్టారు. చైనా రైతు కుటుంబం కథ. అందులో రైతు భార్య ఓలాన్ పాత్ర మీద ఆమె ఆశలన్నీ పెట్టుకుంది. కానీ రైతుగా పాల్ ముని కుదిరాడు. తెల్లవాడు చైనా రైతు వేషం కట్టినా తెల్లవాడే కదా, కాబట్టి భార్య కూడా తెల్లమనిషే కావాలి! ఓలాన్ వేషం లూయీ రైనర్‌కి వెళ్ళింది, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఆనాకి ఇవ్వజూపింది కాపురం చెడగొట్టే లోటస్ పాత్ర. ఆమె కాదంది. మీరంతా చైనావాళ్ళ వేషాలు కట్టి, నిజం చైనా రక్తం ఉన్న నాకు మాత్రం ఆ ఒక్క చెడ్డ పాత్ర ఇస్తారా అన్నది ఆమె జవాబు సారాంశం.

మనకీ వేషం కట్టడం కొత్తకాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే జనం మైమరచిపోయారు. కానీ ఆ రోజుల్లో మన రంగస్థలం మీదికి రావడానికి స్త్రీలు సంకోచించేవారు. ఇక్కడ తగిన నటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెను దాటుకుని వెళ్ళి ఇంకొకరికి రంగు పూశారు. ఆ తేడా మరిచిపోకూడదు.

1936లో మొదటిసారి చైనా వెళ్ళింది. తండ్రి అప్పటికే తమ్ముళ్ళూ చెల్లెళ్ళతో పూర్వీకుల ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడైనా తన మనుషులు అక్కున చేర్చుకుంటారనుకుంది. నాన్‌జింగ్‌లో విందుకి పిలిచి, దేశం పరువు తీసే పాత్రలు వేశావంటూ ప్రభుత్వ పెద్దలు ఉపన్యాసాలు దంచారు. నిలదొక్కుకునే రోజుల్లో నటికి పాత్రలు ఎంచుకునే వీలుండదని ఆమె జవాబు చెప్పుకోవలసివచ్చింది. ఆమెకొచ్చింది తండ్రి ఊరివైపు మాట. మాండరిన్ రాదు. చైనాలో చైనావాళ్ళతో మాట్లాడటానికి దుబాసీ కావలసివచ్చింది!

ఇది చదివినచోట పుస్తకం మూసేశాను. కిందటిసారి ఇండియా వెళ్ళినప్పుడు మా పెద్దత్తయ్య మా అమ్మాయి తెలుగు విని నవ్వి, "అమెరికా పిల్లవే, పాపం" అంది. ఇక్కడ స్కూల్లో అదే పిల్లని "అది సరే, అసలు మీదే ఊరు?" అంటారు. ఆ రెండు మాటల మధ్య దాని ముఖం ఎలా ఉంటుందో నేను అంతవరకూ సరిగా చూడలేదు.

తిరిగొచ్చాక 1937లో 'డాటర్ ఆఫ్ షాంఘై'లో కొరియా సంతతి నటుడు ఫిలిప్ ఆన్ సరసన ఆమె నాయిక. ఇద్దరూ చివరిదాకా బతికే ఉంటారు. చిన్న సినిమాయే గానీ, భద్రపరచదగిన చిత్రాల జాతీయ జాబితాలోకి 2006లో ఎక్కింది. యుద్ధం రోజుల్లో చైనా సహాయనిధికి తన పారితోషికం ఇచ్చేసింది. 1951లో టీవీలో ఆమె నాయికగా, ఆమె అసలు పేరుతోనే ఒక ధారావాహిక వచ్చింది. అమెరికా టీవీలో ఆసియా సంతతి వ్యక్తి ప్రధానపాత్రగా వచ్చిన మొదటిది అదే. దాని ప్రతి ఒక్కటి కూడా ఇవాళ మిగల్లేదు.

1961 ఫిబ్రవరి 3న శాంటా మోనికాలో గుండెపోటుతో పోయింది. యాభై ఆరేళ్ళు. తెరమీద అన్నిసార్లు చచ్చిపోయాను కాబట్టి నా సమాధి మీద ఆ సంగతే రాయాలని ఆమె సరదాగా అనేదట. లాస్ ఏంజిలెస్‌లో ఏంజెలస్ రోజ్‌డేల్ శ్మశానంలో ఆమెను తల్లి సమాధిలోనే కలిపారు. రాతి మీద పైన తల్లి పేరు ఇంగ్లీషులో ఉంది. ఒకపక్క చెల్లెలు మేరీ పేరు, రెండోపక్క ఈమె పేరు, చైనా అక్షరాల్లో.

మా ఇంట్లో చర్చ ఇంకా తెమల్లేదు. పోయిన నెల స్కూలు నాటకానికి మాత్రం మొదటి వరుసలో కూర్చున్నాను.